జోడీ వెళ్లిపోయింది... డాన్సు ఆపెయ్యాలా?

ఈ శీర్షికకి ఎలాంటి ఉత్తరాలు వస్తాయో మీకు తెలియనిది కాదు. ఫలానా హీరోగారి సినిమా రిలీజు ఎప్పుడు? ఫలానా తారామణి పెళ్లి కబురు నిజమేనా? ఆ ఫైటు డూపు చేశాడా, హీరోగారే చేశారా? ఇవే! నేనూ తోచిన జవాబు రాసేసి, ప్యారడైజ్ దగ్గర ఇరానీ చాయ్ తాగి, హాయిగా ఇంటికి పోతూంటాను.

కానీ పోయిన వారం సికింద్రాబాద్ వెస్ట్ మారేడుపల్లి నుంచి వచ్చిన ఒక ఉత్తరం నాకు మూడు రోజులు నిద్ర లేకుండా చేసింది. రూళ్ల కాగితం, గుండ్రటి చేతిరాత. సంతకం ఉంది గానీ పేరు వెయ్యొద్దని కోరింది. వెయ్యను.

ఉత్తరం సారాంశం ఇదీ: "అన్నయ్యా! నాకు పదిహేనేళ్లు. ఆరేళ్లుగా చక్రాల స్కేట్ల మీద డాన్సు నేర్చుకుంటున్నాను. మొన్న ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒక తెల్ల అమ్మాయి, తెల్ల అబ్బాయి ఐసు మీద మన హిందీ సినిమా పాటలకి డాన్సు చేశారు. అప్పట్నుంచీ నాకూ ఐస్ డాన్సర్ కావాలని ఉంది. అమ్మ 'సినిమా పిచ్చి' అంటోంది. అదలా ఉండగా నాతో జోడీగా చేసే అబ్బాయి పోయిన నెల ఇంటర్లో చేరి హాస్టలుకి వెళ్లిపోయాడు. మా కోచ్ గారు వేరే జోడీ దొరికేదాకా ఆగమన్నారు. ఎన్నాళ్లు ఆగాలి? అసలు మానెయ్యమంటారా? నిజం చెప్పండి."

నిజం చెప్పమంది చూశారూ... అక్కడే దొరికిపోయాను!

* * *

ముందు ఆ వీడియో సంగతి చెబుతాను. చూడని వాళ్లు మీలో చాలామంది ఉండొచ్చు.

2010 ఫిబ్రవరి. కెనడాలోని వాంకోవర్‌లో వింటర్ ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఐస్ డాన్సు పోటీలో ఆ ఏడాది ఒరిజినల్ డాన్సు అనే భాగానికి ఇచ్చిన అంశం జానపద నృత్యం. ఏ దేశపు జానపదమైనా సరే! అమెరికా జట్టు నుంచి మెరిల్ డేవిస్, చార్లీ వైట్ అనే ఇద్దరు దిగారు. మైకులో పాట మొదలైంది. ఏం పాటనుకున్నారు? "బంటీ ఔర్ బబ్లీ"లోని "కజ్‌రా రే"! దాని వెనకే "దేవదాస్" పాటలు రెండు... "సిల్‌సిలా యే చాహత్ కా", "డోలా రే డోలా"!

ఆ అబ్బాయికి ఉంగరాల బంగారు జుట్టు. ఆ అమ్మాయి చేతుల్లో ముద్రలు, మెడ విరుపులు, కళ్లు తిప్పడాలు... అబ్బో! ఏదో పైపైన అనుకరించారనుకుంటే పొరపాటే. మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే ఊరుంది. అక్కడ భారతీయ నృత్యం నేర్పే అనూజా రాజేంద్ర గారి దగ్గరికి వెళ్లి, కాళ్లకి స్కేట్లు లేకుండా నేల మీద ముందు నేర్చుకున్నారు. తర్వాతే ఐసు మీదికి తీసుకెళ్లారు. అందుకే అది అతికినట్టుండదు, పుట్టినట్టుంటుంది.

ఆ ఒలింపిక్స్‌లో వాళ్లకి వెండి పతకం వచ్చింది. బంగారం కెనడా జోడీ టెస్సా వర్చూ, స్కాట్ మోయిర్లకి పోయింది. కానీ మన దేశంలో జనం ఇంటర్నెట్టులో వెతికి వెతికి చూసింది ఆ "డోలా రే" డాన్సునే!

ఇక్కడ సినిమా ప్రియులకి ఒక చిన్న విశేషం. ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో ఒకప్పుడు మాటలున్న పాట పెట్టకూడదు, ఉత్త వాద్య సంగీతమే. ఐస్ డాన్సుకి మాత్రం 1997-98 సీజను నుంచి గాయకుల గొంతుని అనుమతించారు. మిగతా విభాగాల వాళ్లు 2014-15 దాకా ఆగాల్సొచ్చింది. అంటే 2010లో మన సినిమా పాట మాటలతో సహా ఒలింపిక్ ఐసు మీద వినిపించిందంటే అది ఐస్ డాన్సు పుణ్యమే!

* * *

ఇంతకీ ఐస్ డాన్సంటే ఏమిటి? ఐసు మీద అబ్బాయి, అమ్మాయి కలిసి చేసేదంతా ఐస్ డాన్సు కాదండోయ్! పెయిర్స్ అని ఇంకో విభాగముంది. అందులో అబ్బాయి అమ్మాయిని తలపైకెత్తి పట్టుకుంటాడు, గాల్లోకి విసురుతాడు. ఒళ్లు జలదరిస్తుంది. అది మన ఫైట్ మాస్టర్ల ఖాతా అనుకోండి.

ఐస్ డాన్సు డాన్స్ మాస్టర్ల ఖాతా. ఎత్తొచ్చు గానీ ఎత్తే చెయ్యి తల దాటి పైకి పోకూడదు. మామూలు లిఫ్టుకి ఏడు సెకన్లే గడువు. విసరడాలు లేవు. మరి గొప్పేమిటి అంటారా? తాళం! పాదం తాళం తప్పకూడదు. ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా, అంత వేగంలో, ఒకరి కాలు ఒకరికి తగలకుండా తిరగాలి. బ్లేడు మందం చిటికెన వేలంత కూడా ఉండదు. దాని అడుగున మధ్యలో సన్నటి గాడి, అటో అంచు, ఇటో అంచు. ఏ అంచు మీద ఒరుగుతున్నావో జడ్జీలు కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తూంటారు.

మన డ్యూయెట్టు ఎలా తీస్తారో మీకు తెలుసు. పల్లవి ఊటీలో, చరణం స్విట్జర్లాండులో. కాలు జారితే "కట్", "వన్ మోర్ టేక్"! పాపం హీరోయిను షిఫాన్ చీరలో మంచులో వణుకుతూంటే హీరోగారు కోటు మీద కోటు వేసుకుంటారు. చివరికి ఎడిటర్ గారు కత్తెర పట్టుకుని అందర్నీ గొప్ప డాన్సర్లని చేస్తారు. ఐసు మీద కత్తెర లేదు. నాలుగు నిమిషాలు, ఒకే టేకు. పడితే మార్కు పోతుంది, లేచి తాళంలో మళ్లీ కలవాలి. కలవడమే కష్టం!

ఈ నాలుగు నిమిషాల మీద ఒక కథ ఉంది. 1984లో సారాయేవో ఒలింపిక్స్. ఇంగ్లండు జోడీ జేన్ టార్విల్, క్రిస్టఫర్ డీన్. "బొలేరో" అనే సంగీతం ఎంచుకున్నారు. ఎంత కుదించినా నియమం కన్నా కొన్ని సెకన్లు ఎక్కువే వచ్చింది. ఏం చెయ్యాలి? రూల్సు చదివారు. స్కేటు బ్లేడు ఐసుకి తగిలి కదలిక మొదలైనప్పుడే గడియారం మొదలవుతుందని ఉంది. ఇంకేం! ఇద్దరూ ఐసు మీద మోకాళ్లు వేసుకుని, నడుం పైభాగంతోనే డాన్సు ప్రారంభించారు. కాళ్లు కదలలేదు, గడియారమూ కదలలేదు! ఆ రోజు వాళ్లకి మొత్తం పన్నెండు 6.0లు వచ్చాయి. కళకిచ్చే మార్కుల్లో తొమ్మిదిమంది జడ్జీలకి తొమ్మిదిమందీ 6.0 ఇచ్చారు. అంటే నూటికి నూరు!

వీళ్లేమైనా జమీందార్ల బిడ్డలా? అతను పోలీసు కానిస్టేబులు. ఆమె ఇన్సూరెన్సు కంపెనీలో గుమాస్తా. ఉద్యోగాలు చేసుకుంటూనే సాధన చేశారు. తర్వాత వాళ్ల ఊరు నాటింగ్‌హామ్ నగరపాలక సంస్థ డబ్బు సాయం చేస్తే ఉద్యోగాలు వదిలి పూర్తిగా ఐసు మీదే ఉన్నారు. అర్థమైందా చెల్లీ? ఆ పతకం వెనక ఇద్దరు మనుషులే కాదు, ఒక ఊరు ఉంది.

* * *

మన ఊరి సంగతి చూద్దాం.

ఉత్తరం వచ్చిన తర్వాతి ఆదివారం పొద్దున్నే లేచి ఇందిరా పార్కుకి వెళ్లాను. సికింద్రాబాద్ నుంచి బైకు మీద పావుగంట. అక్కడ స్కేటింగు రింకు ఉంది. ఐసు కాదు, గచ్చు నేల. మోకాళ్లకి, మోచేతులకి తొడుగులు కట్టుకున్న పిల్లలు పిచ్చుకల్లా తిరుగుతున్నారు. కంచె అవతల బెంచీల మీద అమ్మలు, నాన్నలు, ఫ్లాస్కులు, అరటిపళ్లు. ఒక నాన్న ఒళ్లో లెక్కల గైడు! స్కేటింగు అవగానే ట్యూషను కాబోలు.

తమాషా ఏమిటంటే ఆ పార్కుకి ఎదురుగానే 2004లో స్నో వరల్డ్ తెరిచారు. ఎండాకాలంలో కృత్రిమ మంచులో ఆడుకోవడానికి జనం క్యూ కట్టారు. రోడ్డుకి ఒక పక్క చక్రాలు, ఒక పక్క మంచు. కానీ ఆ రెండూ కలవలేదు. సరదా మంచు వేరు, సాధన ఐసు వేరు. ఒలింపిక్ రింకంటే అరవై మీటర్ల పొడుగు, ముప్ఫై మీటర్ల వెడల్పు, అద్దంలా ఉండాలి.

ఐసు లేని ఈ ఊళ్లోంచి ఒకడు లేచాడు. అనూప్ కుమార్ యామా. హైదరాబాదీ. చక్రాల మీద ఆర్టిస్టిక్ స్కేటింగు. అంటే ఐసు మీద చేసే గంతులు, గిరికీలు, జోడీ విన్యాసాలు అన్నీ నాలుగు చక్రాల స్కేట్ల మీద చెయ్యడం. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. రోలర్ స్కేటింగును ఆసియా క్రీడల్లో పెట్టడం అదే మొదటిసారి. ఆ మొదటిసారే మన అనూప్ రెండు కంచు పతకాలు తెచ్చాడు. ఒకటి పురుషుల సింగిల్స్ ఫ్రీ స్కేటింగులో. రెండోది జోడీల విభాగంలో, అవనీ పంచాల్‌తో కలిసి.

లెక్క చూడండి. ఫిబ్రవరిలో వాంకోవర్‌లో అమెరికా జోడీ మన పాటలకి ఆడి వెండి గెలిచింది. అదే ఏడాది నవంబరులో హైదరాబాద్ కుర్రాడు చక్రాల మీద కంచు గెలిచాడు. మొదటిది అందరికీ తెలుసు. రెండోది ఇందిరా పార్కు బెంచీల మీద కూర్చున్న వాళ్లకి తెలుసు!

మరి తర్వాత? నాలుగేళ్లకి 2014లో ఇంచియాన్‌లో ఆసియా క్రీడలొచ్చాయి. ఆ జాబితాలో రోలర్ స్కేటింగే లేదు. ఊహించండి... పతకం గెలిచినవాడు మళ్లీ పరీక్షకి తయారై వెళితే పరీక్షే రద్దు! సినిమా హిట్టయ్యాక థియేటరే మూసేసినట్టు. అయినా అతను స్కేట్లు విప్పలేదు. 2015లో ప్రభుత్వం అర్జున అవార్డు ఇచ్చింది. క్రికెట్టు, బాడ్మింటను మారుమోగే ఊళ్లో రోలర్ స్కేటింగుకి అర్జున అవార్డంటే మాటలా?

* * *

"అదంతా చక్రాలు కదా, నేనడిగింది ఐసు" అంటావేమో. అక్కడికే వస్తున్నా.

మన దేశంలో ఐసు ఉంది, దూరంగా ఉంది. సిమ్లాలో 1920 నుంచీ రింకు ఉంది. చలికాలంలో ఆకాశం దయ తలిస్తేనే గడ్డకడుతుంది. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా వింటర్ క్రీడల కోసం పెద్ద ఇండోర్ రింకు కట్టారు. తర్వాత ఏళ్ల తరబడి మూతబడింది. మళ్లీ తెరుచుకుని 2025 ఆగస్టులో ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ పోటీలకి వేదికైంది. లద్దాఖ్‌లోని లేహ్‌లో శీతాకాలం పోటీలు జరుగుతాయి. 2025 ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఆ లేహ్ ఐసు మీద తెలంగాణ తరఫున బంగారం గెలిచిన అమ్మాయి ఎవరో తెలుసా? మన నయనశ్రీ తాళ్లూరి! ఆమెది డాన్సు కాదు, స్పీడు. అయినా చూడు, ఎండ ఊరి పిల్ల ఐసు మీద బంగారం పట్టుకుంది.

ఫిగర్ స్కేటింగులో మన దేశం పేరు మోస్తున్న అమ్మాయి తారా ప్రసాద్. పుట్టిందీ, పెరిగిందీ అమెరికాలో. మన దేశం తరఫున ఆడాలని అమెరికా పౌరసత్వం వదులుకుంది. మన చట్టం రెండు పౌరసత్వాలని ఒప్పుకోదు మరి! ఆమెది సింగిల్స్. ఐస్ డాన్సులో మాత్రం ఒలింపిక్స్ ఐసు మీదికి మన దేశపు జోడీ ఇంతవరకూ దిగలేదు. ఎందుకంటే ఒలింపిక్స్‌లో జోడీలో ఇద్దరికీ ఆ దేశ పౌరసత్వం ఉండాలి. ప్రపంచ పోటీలకి ఒకరికుంటే చాలు. అంటే ఒక మంచి డాన్సరు దొరికితే చాలదు. ఇద్దరు దొరకాలి. ఒకే వయసు వరుసలో, ఒకే ఊళ్లో, ఒకే పట్టుదలతో. అమ్మానాన్నల బదిలీలు, ఇంటర్లు, హాస్టళ్లు ఆ ఇద్దరి మధ్యకి రాకుండా!

ఆ మెరిల్, చార్లీల రహస్యం అదే. ఇద్దరివీ పక్క పక్క ఊళ్లు. 1997లో జోడీ కట్టేనాటికి ఆమెకి పదేళ్లు, అతనికి తొమ్మిది. 2010లో వెండి. 2011లో ప్రపంచ చాంపియన్లు. 2014లో సోచీలో ఒలింపిక్ బంగారం... ఐస్ డాన్సులో అమెరికాకి అదే మొదటి ఒలింపిక్ బంగారం. పదిహేడేళ్లు ఒకే చెయ్యి పట్టుకుని ఉన్నారు. మన సినిమాల్లో కూడా ఇంత కాలం నిలిచిన జంట ఎన్ని ఉన్నాయి చెప్పండి!

* * *

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఉత్తరం నిద్ర ఎందుకు చెడగొట్టిందో అప్పుడు గానీ మీకు అర్థం కాదు.

మాది రైల్వే కుటుంబం. నా చిన్నతనం మెట్టుగూడ క్వార్టర్సులో గడిచింది. కాలనీలో సిమెంటు బాడ్మింటను కోర్టొకటి ఉండేది. నాకు పదకొండేళ్లప్పుడు మా పెదనాన్న కొడుకు వాడేసిన స్కేట్లు నాకిచ్చాడు. స్పానరుతో సైజు బిగించుకునే ఇనప స్కేట్లు. వెనక లైను క్వార్టర్సులో నాకన్నా ఏడాది చిన్నమ్మాయి ఉండేది. ఆమెకీ స్కేట్లుండేవి, నా వాటికన్నా మంచివి. ఇద్దరం కలిసి టేప్‌రికార్డరులో ఒక సినిమా పాట పెట్టుకుని జోడీ డాన్సు కట్టాం. ఏ పాటో చెప్పను, ఇప్పటికీ సిగ్గే! రైల్వే వారోత్సవాల్లో స్టేజి ముందు చెయ్యాలని నాలుగు నెలలు సాధన. ఆమె కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి. ఎనిమిది లెక్క పెట్టుకుని తిరగడం, చెయ్యి వదలడం, మళ్లీ పట్టుకోవడం. పడ్డప్పుడు నవ్వుకోవడం.

మార్చిలో వాళ్ల నాన్నగారికి గుంతకల్లు బదిలీ ఆర్డరొచ్చింది. పది రోజుల్లో సామాను లారీ ఎక్కింది. ఏప్రిల్లో వారోత్సవాలు. పెద్దవాళ్లు "ఒక్కడివే చెయ్యరా, ఏం పోయింది" అన్నారు. చేశాను. పాట అదే, లెక్క అదే. చెయ్యి పట్టుకోవాల్సిన చోటికి రాగానే నా ఎడమచెయ్యి అలవాటుగా చాపేశాను. అక్కడ ఎవరూ లేరు. జనం అదేదో స్టెప్పనుకుని చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం గొంతు పూడుకుపోయింది.

ఆ రోజే స్కేట్లు అటక మీద పడేశాను. మళ్లీ కట్టలేదు. "జోడీ లేకపోతే జోడీ డాన్సెలా?" అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అది తప్పుడు తీర్పని ఇప్పుడు, ఈ ఉత్తరానికి జవాబు రాయడానికి కూర్చుని చదువుకుంటూంటే తెలిసింది!

ఎందుకంటే చెల్లీ, చక్రాల స్కేటింగులో సోలో డాన్స్ అని ఒక విభాగమే ఉంది. ప్రపంచ పోటీల్లో కూడా ఉంది. జోడీ డాన్సులో ఉండే అవే అడుగులు, అవే అంచులు, అదే తాళం... ఒక్కరే చెయ్యడం. అమెరికాలో ఐసు మీద కూడా సోలో డాన్సు పోటీలు పెడతారు. అంటే నేను ఆ రోజు ఏడుపు ఆపుకుంటూ చేసినదానికి ఒక పేరుంది, మార్కులున్నాయి, పతకాలున్నాయి. పదకొండేళ్లవాడికి అది చెప్పేవాళ్లు లేకపోయారు. నీకు నేను చెబుతున్నాను.

ఇంకోటి కూడా విను. జోడీ విడిపోతే కథ ముగిసినట్టు కాదు. అమెరికాకే చెందిన మాడిసన్ చాక్, ఇవాన్ బేట్స్ సంగతి చూడు. ఇద్దరికీ ముందు వేరే వేరే జోడీలుండేవి. బేట్స్ వాంకోవర్ ఒలింపిక్స్‌కి వెళ్లింది కూడా వేరే అమ్మాయితోనే. 2011లో వీళ్లిద్దరూ కలిశారు. 2023, 2024, 2025... వరసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్లు! 2024లో పెళ్లి కూడా చేసుకున్నారు. ఇది చదివి మీ అమ్మగారు కంగారు పడకుండా చూసుకో తల్లీ! నేనన్నది డాన్సు సంగతే.

* * *

ఇక నువ్వడిగిన నిజం. లెక్కగా చెబుతాను.

ఒకటి. మన దగ్గరుండి ఐస్ డాన్సరవడం ఇవాళ్టికి చాలా కష్టం. రోజూ సాధన చెయ్యాలంటే ఐసున్న ఊరికి పోవాలి, ఖర్చు పెట్టాలి, జోడీ దొరకాలి. ఇది దాచి, "పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం" అని సినిమా డైలాగు కొట్టి తప్పించుకోను.

రెండు. నీ ఆరేళ్లు వృథా కాలేదు. అమెరికాలో తారా లిపిన్‌స్కీ అనే పిల్ల చక్రాల స్కేట్లతోనే మొదలుపెట్టింది. తర్వాత ఐసుకి మారింది. 1998లో నాగనో ఒలింపిక్స్‌లో సింగిల్స్ బంగారం గెలిచేనాటికి ఆమెకి సరిగ్గా నీ వయసే... పదిహేను! చక్రాల మీద నేర్చిన ఒరుగు, తాళం, ధైర్యం ఐసు మీదికీ వస్తాయి. కొత్తగా నేర్చుకోవలసింది బ్లేడు జారుడు. చక్రం నేలని పట్టుకుంటుంది, బ్లేడు పట్టుకోదు. అందుకే మొదటి రోజు అందరూ పడతారు. నువ్వూ పడతావు.

మూడు. వయసు మించిపోయిందని బెంగ వద్దు. పెద్దల అంతర్జాతీయ పోటీలకి కనీస వయసు ఒకప్పుడు పదిహేను. దాన్ని మెల్లగా పెంచి 2024-25 నుంచి పదిహేడు చేశారు. పసిపిల్లల ఒళ్లు హూనం కాకూడదని. డాన్సులో అయితే ముప్ఫైలు దాటినా రాణిస్తారు. పైన చెప్పిన బేట్స్ మూడో ప్రపంచ టైటిలు గెలిచింది ముప్ఫై ఆరో ఏట!

నాలుగు. జోడీ దొరికేదాకా ఆగొద్దు. రేపే మీ కోచ్ గారిని సోలో డాన్సు గురించి అడుగు. జోడీ కోసం వెతుకుతూనే ఉండు, కాళ్లు మాత్రం కదులుతూనే ఉండాలి. కదిలే కాళ్లకే జోడీ దొరుకుతుంది.

అయిదు. అమ్మకి. "సినిమా పిచ్చి" అన్నారు కదా, తప్పేం లేదమ్మా. మేమందరం ఆ పిచ్చితోనే బతుకుతున్నాం! కానీ మీ అమ్మాయిది ఆరేళ్ల సాధన. ఇంటర్లో చేరాక కూడా వారానికి మూడు పొద్దుటి పూటలు దానికి వదలండి. అంతకు మించి నేనడగను. ఒక నాటింగ్‌హామ్ ఊరు ఇద్దరు ఉద్యోగస్తులకి చేసిన సాయం మన ఊరు ఎప్పుడు చేస్తుందో తెలియదు. ఇల్లు చెయ్యగలిగింది ఇదొక్కటే.

* * *

ఆదివారం ఇందిరా పార్కు నుంచి వచ్చాక అటకెక్కాను. స్కేట్లు అక్కడే ఉన్నాయి. తుప్పు పట్టి, ఒక చక్రం అసలు తిరగడం లేదు. కొబ్బరినూనె పోసి చూశాను, కిర్రుమంది. మా అమ్మ కింద నిలబడి, "ఈ వయసులో నీకెందుకురా, నడుం విరుగుతుంది" అంది. నిజమే. నేను కట్టుకోను.

కానీ పాఠక మిత్రులారా, మీలో ఎవరి అటక మీదైనా ఒక జత స్కేట్లుంటే, ఎవరి ఇంట్లోనైనా తాళం తెలిసిన కుర్రాడుంటే, ఒక్క పొద్దుట అలా రింకు దాకా పంపించండి. మారేడుపల్లి అమ్మాయి ఎడమచెయ్యి చాపిన చోట ఎవరో ఒకరుండాలి కదా! అన్నట్టు ఐస్ డాన్సులో రిథమ్ డాన్సుకి 2025-26 సీజను అంశం ఏమిటో తెలుసా? 1990ల నాటి సంగీతం! ఆ పదేళ్లలో మనకెన్ని డ్యూయెట్లున్నాయో లెక్కపెట్టుకుంటూ ఉండండి.

చెల్లీ, సోలో డాన్సు మొదలుపెట్టాక నాకో ఉత్తరం రాయి. ఈసారి పేరు వేసుకోనిస్తావా?

వచ్చే వారం... ఆ ఫైటు డూపు చేశాడో, హీరోగారే చేశారో తేల్చుకుందాం. అంతవరకూ సెలవు!